పాత డీజిల్ లారీని పొగ పరీక్ష గట్టెక్కించడం: ఏ పని ముందు, ఏది దండగ?

పాత డీజిల్ లారీ పొగ పరీక్షలో ఫెయిలైందని తెలిస్తే చాలు, సలహాలకు కొదవుండదు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చమని ఒకరు, డీజిల్ పంపు కాలిబ్రేషన్ చేయించమని ఇంకొకరు, ఇంజిన్ దించకపోతే లాభం లేదని మరొకరు చెబుతారు. ట్యాంకులో ఒక సీసా మందు పోస్తే సరిపోతుందనేవాళ్లూ ఉంటారు. వీటిలో ప్రతి సలహా ఎక్కడో ఒక లారీకి పనిచేసే ఉంటుంది. మీ లారీకి ఏది పనిచేస్తుందన్నదే చిక్కు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ పార్టూ కొనకముందు ఒక రీడింగ్ తీయించండి. పొగ రంగు చూడండి. ఆ తర్వాత గాలి దారితో మొదలుపెట్టి, డీజిల్ దారికి వచ్చి, చివరగా ఇంజిన్ లోపలికి వెళ్లండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. పంపు విప్పించి, నాజిళ్లు మార్పించి, అంతా అయ్యాక చూస్తే టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం పగిలి ఉంటుంది.

## మీటరు ఏం చూస్తుంది

మెకానికల్ పంపు ఉన్న పాత లారీలకు చాలా దేశాల్లో పెట్టే పరీక్ష ఒకే రకంగా ఉంటుంది. బండి న్యూట్రల్‌లో ఉంటుంది. ఐడిల్ నుంచి యాక్సిలరేటర్‌ను ఒక్క ఊపున చివరిదాకా తొక్కుతారు. ఇంజిన్ వేగం హద్దు దాటకుండా గవర్నర్ అనే భాగం అడ్డుకునే దాకా వెళ్లాక వదిలేస్తారు. యూరప్ నియమం ప్రకారం ఆ తొక్కడం ఒక సెకను లోపే పూర్తవ్వాలి, ఇంజిన్ ఆయిల్ 80 డిగ్రీల దాకా వేడెక్కి ఉండాలి. ముందు మూడుసార్లు ఊరికే తొక్కి గొట్టంలో పేరుకున్న మసిని ఊదేస్తారు. తర్వాతి రీడింగుల్లో చివరి మూడింటి సగటు తీసుకుంటారు. అమెరికాలో వాడే ఎస్‌ఏఈ జే1667 పద్ధతి కూడా దాదాపు ఇంతే. అక్కడ మూడు రీడింగుల మధ్య తేడా 5 పాయింట్లు దాటితే ఆ పరీక్ష చెల్లదు.

మీటరు చేసేది చిన్న పని. పొగ గుండా కాంతిని పంపి, అవతలికి ఎంత చేరలేదో లెక్కేస్తుంది. దానికి రంగు తెలియదు. నల్ల పొగైనా, నీలం పొగైనా, తెల్ల పొగైనా కాంతిని ఆపితే అంకె పెరుగుతుంది. కాబట్టి చీటీ మీది అంకె రోగం ఎంత ఉందో చెబుతుంది తప్ప రోగం పేరు చెప్పదు. పేరు మీ కళ్లే పట్టుకోవాలి.

టర్బో లారీల వాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఈ పరీక్ష ఇంజిన్‌ను దాని అత్యంత ఇబ్బందికరమైన క్షణంలో కొలుస్తుంది. పెడల్ తొక్కగానే పంపు డీజిల్ ఇచ్చేస్తుంది, కానీ టర్బో తిరిగి గాలి నొక్కడానికి కొంత సమయం పడుతుంది. ఆ మధ్యలో డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నల్ల పొగ అక్కడే పుడుతుంది. హైవే మీద గంటలకొద్దీ శుభ్రంగా పరిగెత్తే లారీ పరీక్షలో ఫెయిలవడానికి కారణం ఇదే. యూరప్‌లో పాత టర్బో ఇంజిన్లకు పరిమితి కాస్త వదులుగా ఉంది కూడా: మామూలు ఇంజిన్‌కు మీటరుకు 2.5, టర్బోకు 3.0.

ఈ 'మీటరుకు ఇంత' అనేది కాంతి శోషణ గుణకం, అంటే ఒక మీటరు పొడవున పొగ కాంతిని ఎంతగా ఆపుతుందో చెప్పే అంకె. కొన్నిచోట్ల శాతంలో చెబుతారు, కొన్నిచోట్ల హార్ట్‌రిడ్జ్ యూనిట్లలో చెబుతారు. మూడూ వేర్వేరు అంకెలు కాబట్టి గందరగోళం పుడుతుంది. హార్ట్‌రిడ్జ్ మీటరులో కాంతి పొగ గుండా 0.43 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన 65 యూనిట్లంటే మీటరుకు సుమారు 2.45, 50 యూనిట్లంటే సుమారు 1.62. మామూలు శాతం రీడింగ్ మాత్రం గొట్టం వెడల్పును బట్టి మారుతుంది. అదే పొగ లావు గొట్టం నుంచి వస్తే స్మోక్ మీటరుకు ఎక్కువ చిక్కగా కనిపిస్తుంది. అందుకే జే1667లో గొట్టం వ్యాసానికి సవరణ చేస్తారు. 'నా బండికి 45 వచ్చింది' అని ఎవరైనా అంటే 45 ఏమిటో అడగకుండా మీ రీడింగ్‌తో పోల్చుకోవద్దు.

కొన్ని పరిమితులు ఇలా ఉన్నాయి. మీకు వర్తించే అంకె మీ బండి తయారైన సంవత్సరాన్ని, ప్రాంతాన్ని బట్టి ఉంటుంది.

| ఎక్కడ | ఏ బండి | పరిమితి |
|---|---|---|
| యూరోపియన్ యూనియన్ | పాతది, టర్బో లేనిది | మీటరుకు 2.5 |
| యూరోపియన్ యూనియన్ | పాతది, టర్బో ఉన్నది | మీటరుకు 3.0 |
| యూరోపియన్ యూనియన్ | యూరో 4, యూరో 5 ప్రమాణాలవి | మీటరుకు 1.5 |
| భారత్ | బీఎస్-4కు ముందువి | 65 హార్ట్‌రిడ్జ్, అంటే 2.45 |
| భారత్ | బీఎస్-4 | 50 హార్ట్‌రిడ్జ్, అంటే 1.62 |
| కాలిఫోర్నియా | 1991కి ముందు ఇంజిన్ | 40 శాతం |
| కాలిఫోర్నియా | 1991–1996 ఇంజిన్ | 30 శాతం |
| కాలిఫోర్నియా | 1997–2006 ఇంజిన్ | 20 శాతం |
| కాలిఫోర్నియా | డీపీఎఫ్ (మసిని వడకట్టే ఫిల్టర్) ఉన్న ఏ ఇంజిన్ అయినా | 5 శాతం |

చివరి వరుసను గుర్తుపెట్టుకోండి. పాత ఇంజిన్‌కు డీపీఎఫ్ బిగిస్తే వర్తించే పరిమితి కూడా మారిపోవచ్చు. ఆ విషయం ముందు తెలియక ఇరుక్కునేవాళ్లున్నారు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఎంత తేడాతో ఫెయిలైంది? పరిమితి కంటే కొద్దిగా పైన ఉంటే చిన్న సర్వీసుతో దిగే అవకాశం ఎక్కువ. రెట్టింపు దగ్గర ఉంటే ఫిల్టరు మార్చి ఆశపడటం దండగ.

రెండోది పొగ రంగు. ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

నల్ల పొగ అంటే సగం కాలిన డీజిల్, మసి. గాలి తక్కువైనా కావచ్చు, డీజిల్ ఎక్కువైనా కావచ్చు, డీజిల్ సన్నటి తుంపరగా కాకుండా చుక్కలుగా పడుతున్నా కావచ్చు. ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ గొట్టాలు, టర్బో, నాజిళ్లు, పంపు, టైమింగ్ ఈ జాబితాలోకి వస్తాయి. పరీక్షలో ఫెయిలయ్యేవి ఎక్కువగా ఈ రకమే. మంచి కబురు ఏమిటంటే, వీటిలో చాలావరకు ఇంజిన్ విప్పకుండానే బాగవుతాయి.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. రింగులు, లైనర్లు, వాల్వ్ సీళ్లు, టర్బో సీళ్లు అరిగి ఉండొచ్చు. ఒక్కోసారి డిప్‌స్టిక్ గుర్తు దాటి ఆయిల్ పోయడం వల్ల కూడా వస్తుంది. ముందు అది చూడండి, ఖర్చు లేని పని.

తెల్ల పొగ చల్లటి ఇంజిన్‌లో కాసేపు వచ్చి పోతే పెద్ద విషయం కాదు. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా వస్తుంటే కంప్రెషన్ తగ్గింది, లేదా టైమింగ్ వెనక్కి జరిగింది, లేదా ఏదో సిలిండరు సరిగా అంటుకోవడం లేదు. తియ్యటి వాసనతో వస్తూ రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి.

మూడోది, మీ దగ్గర పెట్టేది ఏ పరీక్ష? స్మోక్ మీటర్ ఒక్కటేనా, తయారీదారు బిగించిన పరికరాలన్నీ ఉన్నాయా లేదా అని కింద దూరి కూడా చూస్తారా, బండి కంప్యూటరు పట్టిన లోపాలు చదవడానికి ఓబీడీ ప్లగ్ పెడతారా? నాలుగోది, ఈ లారీని ఇంకెన్నాళ్లు ఉంచుకోవాలనుకుంటున్నారు, ఏడాదికి ఎంత తిప్పుతారు, పని లేకుండా ఎన్ని రోజులు ఆపగలరు? ఈ ప్రశ్నలకు జవాబు రాసుకుంటే కింది మార్గాల్లో సగం వాటంతటవే తప్పుకుంటాయి.

## మార్గాలు ఒక్కచూపులో

| మార్గం | ఏ పొగకు | ఎన్నాళ్లు ఆగాలి | ఎక్కడ తేడా కొడుతుంది |
|---|---|---|---|
| గాలి దారి, సర్వీసు, వేడి చేసి వెళ్లడం | నలుపు, పరిమితికి దగ్గరగా ఉన్నప్పుడు | కొన్ని గంటలు | లోపలి అరుగుదలను బాగుచేయదు |
| నాజిళ్లు, పంపు కాలిబ్రేషన్, టైమింగ్ | నలుపు, టైమింగ్ వల్ల వచ్చే తెలుపు | కొన్ని రోజులు | టెస్ట్ బెంచి లేనిచోట చేయిస్తే డబ్బు దండగ |
| ఇంజిన్ ఓవర్‌హాల్ | నీలం, వేడి మీద తెలుపు | వారాలు | పంపు పాతదే ఉంచితే నల్ల పొగ అలాగే ఉంటుంది |
| డీఓసీ (కెటలిస్ట్) లేదా డీపీఎఫ్ బిగించడం | ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ నల్ల పొగకు (డీపీఎఫ్ మాత్రమే) | కొన్ని రోజులు | ఆయిల్ తాగే ఇంజిన్‌కు పనికిరాదు |
| కొత్త తరం ఇంజిన్ ఎక్కించడం | దేనికైనా | ఎక్కువ | వైరింగ్, కూలింగ్, కాగితాలు |
| వదిలించుకోవడం | దేనికైనా | వర్తించదు | ప్రత్యేక బాడీ ఉంటే నష్టం |

## గాలి దారి, చిన్న సర్వీసు

ఎవరికైనా ఇదే మొదటి మెట్టు. ఎయిర్ ఫిల్టర్ మార్చండి. దులిపి మళ్లీ పెట్టడం కాదు, మార్చడమే. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టాలన్నీ విప్పి చూడండి. మడత లోపల పగుళ్లుంటాయి, పైకి కనిపించవు. క్లిప్పు చుట్టూ నల్లగా నూనె తడి ఉంటే అక్కడ గాలి లీకవుతోందని అర్థం. గాలి ప్రెషర్ పెట్టి పరీక్షిస్తే ఇంకా మంచిది. టర్బో షాఫ్ట్‌ను చేత్తో కదిపి చూడండి. బ్లేడు అంచు లోపలి గోడను గీరుకున్న గుర్తులుంటే ఆ టర్బో పని అయిపోయింది.

తర్వాత డీజిల్ ఫిల్టర్లు, ఇంజిన్ ఆయిల్, ట్యాపెట్ సెట్టింగ్. సైలెన్సర్ లోపల కూలిపోయి దారి మూసుకుపోయినా పొగ పెరుగుతుంది. ఎక్సాస్ట్ బ్రేక్ ఫ్లాప్ సగం మూసుకుని ఇరుక్కుపోయినా అంతే. ఇది చాలామంది చూడరు.

ఇక పరీక్ష రోజు. లోడుతో కాసేపు మంచి వేగంతో నడిపి, ఇంజిన్ వేడి మీద ఉండగానే తీసుకెళ్లండి. వారం రోజులు ఐడిల్‌లో, ట్రాఫిక్‌లో నడిచిన లారీ గొట్టం నిండా మసి ఉంటుంది. తొక్కగానే అదంతా మీటరులోకి ఊడిపడుతుంది. ఇందులో మోసం లేదు. పరీక్ష పద్ధతిలోనే ముందు మసి ఊదేయమని ఉంది కదా. క్యూలో గంటసేపు ఐడిల్‌లో నిలబెట్టాల్సి వస్తే మీ వంతుకు ముందు ఒక చిన్న చుట్టు తిప్పుకురండి.

ఒక జాగ్రత్త. ఇంజిన్‌ను గవర్నర్ వేగం దాకా పదేపదే లేపడం చిన్న విషయం కాదు. టైమింగ్ బెల్టు గడువు దాటిన ఇంజిన్, ఆయిల్ తక్కువున్న ఇంజిన్, ఇప్పటికే కొట్టుకుంటున్న బేరింగులు ఉన్న ఇంజిన్ ఆ పరీక్షలోనే పోవచ్చు. ముందు వాటి సంగతి చూసుకోండి.

## నాజిళ్లు, పంపు, టైమింగ్

గాలి దారి అంతా బాగుండి ఇంకా నల్ల పొగ వస్తుంటే ఈ మెట్టుకు రావాలి. నా దృష్టిలో పాత మెకానికల్ లారీలకు పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే.

నాజిళ్లను టెస్టర్ మీద పెట్టి మూడు చూడాలి: ఏ ప్రెషర్ దగ్గర తెరుచుకుంటోంది, తుంపర సన్నగా సమానంగా వస్తోందా, మూసుకున్నాక కొనన చుక్క కారుతోందా? వాడే కొద్దీ స్ప్రింగు బలం తగ్గి తెరుచుకునే ప్రెషర్ పడిపోతుంది. డీజిల్ లావు చుక్కలుగా పడి సరిగా కాలదు. షిమ్ములతో (స్ప్రింగు కింద పెట్టే పలుచటి బిళ్లలతో) ప్రెషర్ సరిచేయొచ్చు, కొన అరిగితే మార్చాలి. మార్చేటప్పుడు అన్ని సిలిండర్లవీ కలిపి మార్చండి. ఒకటి కొత్తది, మిగతావి పాతవి ఉంటే ఐడిల్ కొట్టుకుంటుంది.

పంపును మాత్రం కాలిబ్రేషన్ బెంచి ఉన్నచోటికే తీసుకెళ్లండి. ప్రతి లైనుకూ ఎంత డీజిల్ వెళ్తోందో కొలిచి సమానం చేయాలి, గవర్నర్ వేగం చూడాలి, తయారీదారు ఇచ్చిన అంకెలకు తేవాలి. బండి మీదే స్క్రూ తిప్పి 'కాలిబ్రేషన్ అయింది' అనేవాళ్ల దగ్గర ఆగకండి.

ఇక్కడ పాత టర్బో లారీల్లో తరచూ కనిపించే ఒక గొలుసు చెప్పాలి. పంపు మీద బూస్ట్ కంపెన్సేటర్ అని చిన్న డబ్బా ఉంటుంది. టర్బో గాలి వచ్చేదాకా డీజిల్‌ను బిగబట్టడం దాని పని. లోపలి డయాఫ్రం చిరిగినా, దానికొచ్చే సన్న పైపు ఊడినా టర్బో గాలి వచ్చినా డీజిల్ పెరగదు. పొగ ఉండదు కానీ బండి లాగదు. ఎత్తు ఎక్కడం లేదని డ్రైవరు గొణుగుతాడు. మెకానిక్ అసలు కారణం వెతక్కుండా పంపు మెయిన్ స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతాడు. బండి లాగుతుంది, అందరూ సంతోషిస్తారు. ఆ ఎక్కువ డీజిల్ ఇప్పుడు టర్బో గాలి లేని క్షణంలో కూడా పడుతోంది. వచ్చే పరీక్షలో నల్ల పొగ బుసకొడుతుంది. అప్పుడు నాజిళ్లు మారుస్తారు. పంపు మీద సీలు తెగి ఉంటే, లేదా స్క్రూకు తాజా పానా గీతలుంటే, ఈ కథ మీ లారీలో ఇప్పటికే నడిచిందని అనుకోవచ్చు. ముందు డయాఫ్రం మార్చి, ఆ తర్వాత డీజిల్‌ను అసలు కొలతకు తెస్తే లాగుడూ ఉంటుంది, పొగా తగ్గుతుంది.

టైమింగ్ విషయంలో ఒక ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. టైమింగ్ వెనక్కి జరిగితే డీజిల్ కాలడానికి సమయం చాలక మసి పెరుగుతుంది. ముందుకు జరిపితే మసి తగ్గుతుంది కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, సిలిండరులో ఒత్తిడి పెరిగి ఇంజిన్ గట్టిగా కొట్టుకుంటుంది. స్మోక్ మీటర్‌కు నైట్రోజన్ ఆక్సైడ్లు కనిపించవు కాబట్టి టైమింగ్‌ను మరీ ముందుకు లాగే ఆశ పుడుతుంది. పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్ దాని ఖరీదు కడతాయి. కంపెనీ గుర్తు దగ్గరే పెట్టించండి.

## ఇంజిన్ ఓవర్‌హాల్

నీలం పొగ ఆగకుండా వస్తుంటే, బ్రీదర్ పైపు నుంచి ఆవిరి కొడుతుంటే, ప్రతి ట్రిప్పుకూ ఆయిల్ పోయాల్సి వస్తుంటే ఓవర్‌హాల్ గురించి ఆలోచించాల్సిందే. అలాగని ఎవరో పొగ చూసి చెప్పారని ఇంజిన్ దించొద్దు. కంప్రెషన్ టెస్ట్ చేయించండి. కంప్రెషన్ ఉండాల్సిన దానికంటే తక్కువుంటేనో, సిలిండర్ల మధ్య తేడా ఎక్కువుంటేనో లోపలికి వెళ్లాలి. అన్నీ సమానంగా బాగుంటే ఆయిల్ టర్బో సీళ్ల గుండా గానీ వాల్వ్ సీళ్ల గుండా గానీ వెళ్తూ ఉండొచ్చు. ఆ రెండు పనులూ చాలా చిన్నవి.

ఓవర్‌హాల్ చేయించేవాళ్లు తరచూ చేసే పొరపాటు బ్లాకు, రింగులు, లైనర్లకు డబ్బంతా పెట్టి, పాత నాజిళ్లనే తిరిగి బిగించడం. నీలం పోతుంది, నలుపు మిగులుతుంది, పరీక్షలో మళ్లీ ఫెయిల్. నాజిళ్లు, పంపు ఖర్చు కూడా కలిపి అంచనా వేసుకుని, ఆ మొత్తం లారీ విలువకు తూగుతుందో లేదో అప్పుడు చూడండి. ఇంకో మాట: కొత్త రింగులు సర్దుకోకముందే పరీక్షకు వెళ్లకండి. అప్పటిదాకా కొంత ఆయిల్ కాలుతూనే ఉంటుంది.

## డీఓసీ, డీపీఎఫ్ బిగించడం

ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. డీఓసీ అంటే ఆక్సిడేషన్ కెటలిస్ట్. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని హైడ్రోకార్బన్లను, మసికి అంటుకున్న నూనె భాగాన్ని కాలుస్తుంది. వాసన బాగా తగ్గుతుంది. కానీ గట్టి నల్ల మసిని అది పెద్దగా ఆపదు. నల్ల పొగతో ఫెయిలైన లారీకి డీఓసీ ఒక్కటే బిగించి పాసవుతుందని ఆశించొద్దు.

డీపీఎఫ్ నిజంగా మసిని పట్టేస్తుంది. పొగను గోడల గుండా వడకట్టి బయటికి పంపుతుంది. కాలిఫోర్నియాలో ఇలాంటి పరికరాలను కణాలు ఎంత తగ్గిస్తాయన్న దాన్ని బట్టి మూడు స్థాయిలుగా ధ్రువీకరిస్తారు: 25 శాతం, 50 శాతం, 85 శాతం. మంచి డీపీఎఫ్ చివరి స్థాయిలోకి వస్తుంది. రీడింగ్ దాదాపు సున్నాకు దిగుతుంది.

చిక్కంతా పట్టిన మసిని ఏం చేయాలన్న దగ్గర ఉంది. అది లోపలే కాలిపోవాలి. కెటలిస్ట్ పూత ఉన్న ఫిల్టర్లో ఆ పని జరగాలంటే ఎక్సాస్ట్ వేడి దాదాపు 250–300 డిగ్రీలు దాటి చాలాసేపు ఉండాలి. లోడుతో దూరాలు తిరిగే లారీకి అది మామూలు విషయం. చెత్త ఎత్తే బండికి, అడుగడుగునా ఆగే డెలివరీ బండికి అంత వేడి రాదు. మసి పేరుకుంటుంది, వెనక ఒత్తిడి పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. అందుకే రెట్రోఫిట్ చేసే మంచి సంస్థ ముందు మీ లారీకి సెన్సార్ కట్టి, రోజువారీ పనిలో ఎక్సాస్ట్ వేడి ఎంత ఉందో రికార్డు చేస్తుంది. అది చేయకుండా అమ్మజూపేవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి.

డీజిల్ కూడా చూసుకోవాలి. గంధకం ఎక్కువున్న డీజిల్ కెటలిస్ట్‌ను పాడుచేస్తుంది. ఆయిల్ తాగే ఇంజిన్ సంగతి ఇంకా ఘోరం: మసి కాలుతుంది కానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, ఫిల్టర్లోనే గడ్డకడుతుంది. పొగ ఎక్కువ వస్తోందని అరిగిపోయిన ఇంజిన్‌కు డీపీఎఫ్ బిగించడం కారే కుండ కింద ఖరీదైన పళ్లెం పెట్టడం లాంటిది. ముందు ఇంజిన్ బాగుండాలి, ఆ తర్వాతే ఫిల్టర్.

## ఇంజిన్ మార్చడం, లారీనే వదిలించుకోవడం

మామూలు సరుకు లారీకి కొత్త తరం ఇంజిన్ ఎక్కించడం అరుదుగానే గిట్టుబాటవుతుంది. ఇంజిన్‌తో పాటు కంప్యూటరు, వైరింగ్, పెద్ద రేడియేటర్, డీపీఎఫ్, యూరియా ట్యాంకు అన్నీ రావాలి. ఛాసిస్ మీద చోటు చాలదు. ఆపైన ఆ మార్పును రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఎక్కించుకోవాలి, ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోవాలి. అయితే క్రేన్, ఫైరింజిన్, డ్రిల్లింగ్ రిగ్గు, కాంక్రీటు పంపు లాంటి బాడీ ఉన్న లారీల లెక్క వేరు. అక్కడ లారీ కంటే మీదున్న సామాను విలువ ఎక్కువ. వాటికి ఇంజిన్ మార్పు తెలివైన పనే కావచ్చు.

అమ్మేయడం గురించి చాలామంది ఓటమిలా మాట్లాడతారు. నాకలా అనిపించదు. పరిమితులు కాలం గడిచేకొద్దీ బిగుస్తాయే గానీ వదులవ్వవు. నగరాల్లోకి పాత డీజిల్‌ను రానివ్వని ప్రాంతాలు పెరుగుతున్నాయి. పరీక్ష పాసైనా మీరు వెళ్లాల్సిన చోటికి లారీ వెళ్లలేకపోతే ఓవర్‌హాల్ దేనికి? పాతదాన్ని తుక్కుకు ఇస్తే ప్రోత్సాహకం దొరికే పథకాలు కొన్నిచోట్ల ఉంటాయి. మీ దగ్గర అలాంటిది ఉంటే దాన్నీ లెక్కలో వేసుకోండి.

## అడ్డదారుల సంగతి

పంపు స్క్రూ వెనక్కి తిప్పి డీజిల్ తగ్గిస్తే పొగ కచ్చితంగా తగ్గుతుంది. ఎవరో పెంచిన డీజిల్‌ను అసలు కొలతకు తెస్తే అది మరమ్మతే. పరీక్ష కోసం తగ్గించి బయటికొచ్చాక పెంచితే అది మోసం. రోడ్డు పక్క తనిఖీ పెట్టే ప్రాంతాల్లో దొరికిపోతారు కూడా. గవర్నర్ వేగం తగ్గించి పెట్టడం కూడా పనిచేయదు, పరీక్షించేవాళ్లు ఆ వేగాన్నే ముందు చూస్తారు.

సీసా మందుల్లో నాజిల్ శుభ్రం చేసేవి మసి పట్టిన నాజిళ్లకు కొంత ఉపయోగపడతాయి, అరిగిన నాజిళ్లకు పడవు. డీజిల్ త్వరగా అంటుకునేలా సీటేన్ పెంచే మందు చల్లటి ఇంజిన్ తెల్ల పొగకు సాయపడుతుంది. బయోడీజిల్ కలిపితే దానిలోని ఆక్సిజన్ వల్ల మసి తగ్గుతుంది. కానీ పాత ట్యాంకులో అడుగు మురికిని కదిపి ఫిల్టర్లను మూసేస్తుంది, పాత రబ్బరు సీళ్లను మెత్తబరుస్తుంది. మొదటిసారి వాడితే రెండు స్పేర్ ఫిల్టర్లు దగ్గరుంచుకోండి, పరీక్ష ముందురోజు మాత్రం ఈ ప్రయోగం వద్దు.

డీపీఎఫ్ ఉన్న లారీలో లోపలిది పీకేసి ఖాళీ డబ్బా బిగించే పని చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. పాత స్మోక్ మీటర్ ముందు అలాంటి బండ్లు చాలాకాలం తప్పించుకున్నాయి. అందుకే బెల్జియం 2022లో, నెదర్లాండ్స్, జర్మనీ 2023లో కొత్త డీజిల్ వాహనాలకు కణాలను లెక్కపెట్టే పరీక్ష తెచ్చాయి. ఫిల్టర్ పగిలినా, పీకేసినా అక్కడ వెంటనే తెలిసిపోతుంది.

ఓబీడీ ఉన్న లారీల వాళ్లకు ఒకే మాట. పరీక్షకు ముందు స్కానర్‌తో కోడ్లు చెరిపేసి వెళ్తే హెచ్చరిక దీపం ఆరుతుంది, దాంతో పాటు కంప్యూటరు చేసుకున్న స్వీయ తనిఖీలూ చెరిగిపోతాయి. 'రెడీ కాలేదు' అని తిప్పి పంపుతారు. లోపం సరిచేసి, కొన్ని రోజులు మామూలుగా నడిపాక వెళ్లాలి.

## ఎవరికి ఏది

సొంత లారీ, లోడుతో దూరాలు తిరిగేవారికి: గాలి దారి, ఆ తర్వాత నాజిళ్లు, పంపు. ఈ రెండు మెట్లతో పాసయ్యే అవకాశం మీకే ఎక్కువ, ఎందుకంటే మీ ఇంజిన్ వేడిగా పనిచేస్తుంది. పంపు సరిగా ఉంటే డీజిల్ ఆదా రూపంలో ఖర్చులో కొంత వెనక్కి వస్తుంది. నిబంధన డీపీఎఫ్ అడిగితే మీ లారీకి అది ఇముడుతుంది.

ఊళ్లో ఆగుతూ తిరిగేవారికి: డీపీఎఫ్ రెట్రోఫిట్ జోలికి వెళ్లే ముందు ఎక్సాస్ట్ వేడి కొలిపించండి. చాలాసార్లు మీకు తేలేది బండి మార్చడమే మేలని. ఈలోపు పరీక్షకు ముందు లోడుతో ఒక దూరం తిప్పడం మీకే అందరికంటే ఎక్కువ అవసరం.

ఏడాదిలో కొన్ని రోజులే వాడేవారికి: పెద్ద ఖర్చు పెట్టకండి. నిలబడ్డ లారీలో ట్యాంకు అడుగున నీరు, నాజిళ్లలో జిగురు, ఎయిర్ ఫిల్టర్లో ఎలుక గూళ్లు, ఇవే ఎక్కువ. ట్యాంకు కడిగించి, ఫిల్టర్లన్నీ మార్చి, రెండు మూడు రోజులు పని చేయించాక రీడింగ్ తీయించండి. మరీ పాత బండైతే మినహాయింపు ఉందేమో కనుక్కోండి. యూరప్ నియమాల్లో 1980కి ముందు రిజిస్టరైన వాహనాలకు ఈ పొగ పరీక్ష లేదు.

పది లారీలున్నవారికి: ఒక స్మోక్ మీటర్ సొంతానికి కొనుక్కోవడం గురించి ఆలోచించండి. ప్రతి సర్వీసుకూ రీడింగ్ తీసి రాసుకుంటే, ఏ లారీ అంకె మెల్లగా పైకి పాకుతోందో ఫెయిలవ్వకముందే తెలుస్తుంది. ఆ జాబితాలో నీలం పొగ లారీలను ముందు అమ్మేయండి, నల్ల పొగ లారీలను బాగుచేయించుకోండి.

పాత లారీ కొనబోయేవారికి: పాత చీటీ చూసి నమ్మకండి. చల్లటి ఇంజిన్ మీరే స్టార్ట్ చేయండి, ఆయిల్ మూత తీసి ఆవిరి ఎలా కొడుతోందో చూడండి, పంపు సీలు చూడండి. ఆపైన ఇంజిన్ వేడెక్కాక మీ ముందే మీటరు పెట్టి తీయించమనండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ధర ఎంత తగ్గించినా కొనొద్దు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు 'పొగ వస్తోంది, చూడు' అని బండి వదిలేసి రాకండి. రీడింగ్ చీటీ ఇవ్వండి. పొగ ఏ రంగు, చల్లగా ఉన్నప్పుడా వేడి మీదా, ఐడిల్‌లోనా తొక్కినప్పుడా, ఈమధ్య పంపును ఎవరైనా ముట్టుకున్నారా, ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గుతోంది అన్నవి చెప్పండి. ప్రతి మెట్టు తర్వాత మళ్లీ రీడింగ్ తీయమనండి, అన్నీ ఒకేసారి మార్చొద్దనండి. అంకె దిగిన చోట ఆగిపోవచ్చు, మిగతా పనుల డబ్బు మీ జేబులోనే ఉంటుంది.